సర్వీసు ఛార్జి ఎవరికి?

ఆడవాళ్ళకి హోటలు గది అంటే మంచమూ, పరుపూ కాదండీ. పొద్దున్నే లేచి పాలు కాచనక్కర్లేదు, పక్కలు తియ్యనక్కర్లేదు - అదీ అసలు సుఖం! మనం డబ్బిచ్చేది దానికే.

కిందటి డిసెంబర్లో అరకు వెళ్ళాం. ఫోన్లో చూసిన గదికి కిటికీ నిండా కొండలు. ఇచ్చిన గదికి కిటికీ తీస్తే పక్కవాళ్ళ వంటిల్లు. ఆ చలిలో గీజరుంది గాని వేడినీళ్ళు లేవు. దుప్పటి మీద ఎవరిదో కాఫీ మరక.

"రెండ్రోజులే కదా, సర్దుకుందూ" అన్నారు మావారు.

సర్దుకోవడం మనకి కొత్తా? కొంగు దోపి బాత్‌రూం కడిగాను. దుప్పటి తిరగేసి పరిచాను. ఇంట్లో చేసే చాకిరే. ఇక్కడ రోజుకి మూడువేలు ఎదురిచ్చి మరీ చేశాను!

భోజనాల బిల్లులో 'సర్వీసు ఛార్జి' మూడొందలు కనిపించేసరికి మాత్రం ఒళ్ళు మండింది. హోటళ్ళు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అది సబబేనంది. వినకపోతే ఫిర్యాదుకి 1915 నంబరుంది. కౌంటరు దగ్గర ఇదంతా నెమ్మదిగానే చెప్పాను.

"ఈమాత్రానికి గొడవెందుకే?" అని గొణిగారు మావారు.

సేవ చేసింది నేనైతే ఛార్జి వాళ్ళకెందుకండీ?

కొట్టేసి, వేరే బిల్లిచ్చారు. ఆ మూడొందలూ నా పర్సులోనే వేసుకున్నాను. ఇన్నేళ్ళ చాకిరీకి నా చేతికి ముట్టిన మొదటి కూలి మరి!