మౌస్ కాని మౌస్

మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది, లేదనకండి. ల్యాప్‌టాప్‌కి కొత్త మౌస్ తగిలిస్తారు. టింగుమంటుంది. మూలన ఓ చిన్న గడి లేచి, కీబోర్డు దొరికింది, సిద్ధం చేస్తున్నా అంటుంది. కీబోర్డు ఎక్కడిదండీ, మనం పెట్టింది మౌస్ కదా! ఇంకోసారి మౌస్ పెట్టగానే టచ్‌ప్యాడ్ చచ్చి ఊరుకుంటుంది, పెట్టిన మౌసూ కదలదు. రెంటికీ చెడ్డ రేవడి. ఇంట్లో ఒకరు మౌస్ పోయిందంటారు, ఇంకొకరు వైరస్ అంటారు. సెంటర్లో దుకాణానికి పట్టుకెళ్తే కౌంటరు అవతలి కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే "ఫార్మాట్ కొట్టాలన్నా" అంటాడు.

కొట్టించకండి. నా మాట విని ఆ సంచీ భుజానికి తగిలించుకుని ఇంటికొచ్చేయండి. ఈ రోగానికి ఫార్మాట్ మందు కాదు. ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: మీరు తగిలించిన వస్తువు ల్యాప్‌టాప్‌తో తన పేరేమని చెప్పుకుంది?

ల్యాప్‌టాప్‌కి కళ్ళు లేవు కదా. తోక ఉందా, చక్రం ఉందా, అరచేతిలో ఇముడుతుందా అని అది చూడలేదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఎవరే పేరు చెబితే ఆ పేరే రిజిస్టర్లో రాసుకుంటాడు చూడండి, దీనిదీ అదే పద్ధతి. 1996లో యూఎస్‌బీ పుట్టినప్పటినుంచీ ఈ మర్యాదే నడుస్తోంది. తగిలించగానే వస్తువు తన కంపెనీ నంబరు, తన మోడల్ నంబరు అప్పజెబుతుంది. లాజిటెక్ వాళ్ళదైతే 046డి, మైక్రోసాఫ్ట్ వాళ్ళదైతే 045ఇ. ఆ తర్వాత తరగతి చెబుతుంది. మనుషులు చేత్తో వాడే కీబోర్డులు, మౌసులు, ఆటల కర్రలు అన్నీ 3వ తరగతి. అందులో కంప్యూటర్ లేచీ లేవకముందే పనికొచ్చేవి ఇంకో అంకె కూడా చెబుతాయి. 1 అంటే కీబోర్డు, 2 అంటే మౌస్. అంతే, అక్కడితో పరిచయం అయిపోయింది. ఆ తర్వాత దానితో ఎలా మాట్లాడాలో ఈ అంకెలే తేలుస్తాయి.

మరి మౌస్ కీబోర్డునని ఎందుకు చెబుతుంది? చాలాసార్లు అది తప్పు కాదు. వైరు లేని మౌస్‌తో వచ్చే గోరంత రిసీవర్ ఉంటుందే, కొన్ని కంపెనీలు మౌస్ ఒక్కటే అమ్మినా, మౌసూ కీబోర్డూ జంటగా అమ్మినా అందులో పెట్టేది అదే రకం రిసీవర్. అందుకని నేను కీబోర్డునీ, మౌస్‌నీ అని రెండు పేర్లూ చెప్పేస్తుంది. ఆటలాడే పిల్లల మౌసులైతే పక్క మీటలకు అక్షరాలు కూడా అంటగట్టుకోవచ్చు కాబట్టి, అవీ సగం కీబోర్డులే. కనక ఆ గడిని చూసి కంగారు పడొద్దు.

కంగారు పడాల్సింది టచ్‌ప్యాడ్ చచ్చినప్పుడు. అదీ కాసేపే. మొన్న ఇందుకూరుపేట వైపు ఓ హేచరీలో లెక్కలు రాసే అబ్బాయి ఫోన్ చేశాడు.

"సార్, టచ్‌ప్యాడ్ పంజెయ్యట్లా. మౌస్ చూస్తే ఇంటికాడ మర్చిపొయ్యొచ్చినా."

"ల్యాప్‌టాప్ పక్కన చూడబ్బాయ్, రిసీవరు ముక్క ఏమన్నా ఉందా?"

"ఉండాది సార్. తీస్తే యాడన్నా పోతాదని దాంట్లోనే ఉంచేసినా."

అదన్నమాట సంగతి. మౌస్ ఇంట్లో బల్ల మీద ఉంది, దాని పేరు చెప్పే ముక్క మాత్రం ఇక్కడుంది. మౌస్ వచ్చిందనుకుని ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌కి సెలవిచ్చేసింది. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి పోయి, బ్లూటూత్, డివైసెస్ అన్నచోట టచ్‌ప్యాడ్ తెరిస్తే, మౌస్ తగిలించినా టచ్‌ప్యాడ్ ఉంచాలా అని అడిగే గడి కనిపిస్తుంది. అక్కడ టిక్కు లేకపోతే ఇలాగే అవుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో ఉండేదే ఇది. బాణం గుర్తు అసలు కదలనప్పుడు ఆ గడిదాకా పోయేదెట్టా అంటారా? కీబోర్డు ఉందిగా. విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కి, వదిలి, ఎం నొక్కండి. డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. ట్యాబ్, బాణం మీటలతో మొత్తం తిరగొచ్చు. కుడి క్లిక్కు బదులు షిఫ్ట్, ఎఫ్10. మౌస్ సంగతి తేల్చడానికి మౌస్ అక్కర్లేదు.

డివైస్ మేనేజర్‌లో మౌసుల వరస కింద రెండు మూడు పేర్లుంటే తొందరపడి ఏదీ నొక్కకండి. పాత ల్యాప్‌టాపుల్లో టచ్‌ప్యాడ్ లోపల పాత పీఎస్/2 తీగకే కట్టి ఉంటుంది, దాని సొంత డ్రైవరు లేకపోతే 'పీఎస్/2 మౌస్' అన్న పేరుతోనే కూర్చుంటుంది. బయటి మౌస్ అనుకుని దాన్ని ఆపేసి, ఉన్న ఒక్క ఆసరా పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. పేరు మీద నిలబడి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి, హార్డ్‌వేర్ ఐడీ అన్నచోట కంపెనీ నంబరు కనిపిస్తుంది. 046డి ఉంటే మీ లాజిటెక్ మౌస్ అదే.

ఇంకో మాట. "ఆ కంతలో పనిచెయ్యలేదు, ఈ కంతలో పెడితే పనిచేసింది" అంటే చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వక్కర్లేదు. సీరియల్ నంబరు లేని వస్తువును విండోస్ ఏ కంతలో పెట్టారో దాన్నిబట్టే గుర్తు పెట్టుకుంటుంది. చౌక మౌసులకు ఆ నంబరు ఉండదు. అందుకని కంత మారిస్తే దానికది కొత్త చుట్టమే, పరిచయం మళ్ళీ మొదటినుంచీ. పాత కంతలో తప్పుగా రాసుకున్నది అక్కడే ఉండిపోతుంది. దాన్ని చెరపాలంటే డివైస్ మేనేజర్‌లో వ్యూ కింద, దాచిన డివైసులు చూపించమని అడిగి, మసకగా కనిపించేవాటిలో ఆ మౌస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, తిరిగి తగిలించండి.

ఇక మన నెల్లూరు తీరం గొడవ ఒకటుంది. కోడూరు, మైపాడు, ఇసకపల్లి, ఎక్కడైనా సరే, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఇంట్లో ఇనప గ్రిల్లు ఎన్నేళ్ళుంటుందో మీకు నేను చెప్పాలా? ఆ ఉప్పు గాలే యూఎస్‌బీ కంతలోకీ పోతుంది. మొబైల్ టార్చి వేసి చూడండి. లోపల మౌస్ వాడే రేకులు నాలుగు, రెండు కరెంటుకి, రెండు మాటలకి. మాటల రేకుల మీద చిలుము పట్టిందంటే పరిచయమే సరిగ్గా జరగదు. వచ్చింది నెమ్మదిగా మాట్లాడే వస్తువా, వేగంగా మాట్లాడేదా అన్నది ల్యాప్‌టాప్ ఆ రెండు తీగల్లో ఏది పైకి లేచిందో చూసి పోల్చుకుంటుంది. మామూలు మౌస్ ఒకటిన్నర కిలోఓముల రెసిస్టరుతో డీ మైనస్ తీగను లేపుతుంది, వేగమైనవి డీ ప్లస్‌ను లేపుతాయి. మధ్యలో ఉప్పు తేమ చేరితే ఈ లెక్క తప్పిపోవచ్చు. అప్పుడే 'గుర్తు తెలియని యూఎస్‌బీ డివైస్' అనో, 43 అనే కోడో కనిపిస్తుంది. నోటితో ఊదకండి, తేమకు తేమ తోడవుతుంది. ల్యాప్‌టాప్ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్న బ్రష్‌తో రేకుల మీద తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ తగిలించి చూడండి.

ఇంతవరకూ మౌస్‌ని ఇంకేదో అనుకోవడం. అసలు తమాషా దీనికి తిరగేసిన కథ, ఇంకేదాన్నో మౌస్ అనుకోవడం.

మా మేనల్లుడొకడు సర్వే పనులు చేస్తాడు. కాలవల లోతులు, రొయ్యల గుంటల హద్దులు కొలిచే పని. మైపాడు వైపు ఓ పడవలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, జీపీఎస్ బిళ్ళను పడవ కప్పు మీద అంటించి, దాని తీగను యూఎస్‌బీకి తగిలించి, ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు. అంతే, బాణం గుర్తు చిందులేయడం మొదలెట్టింది. తెర ఈ మూలనుంచి ఆ మూలకు దూకుతోంది, దానంతటదే క్లిక్కులు పడుతున్నాయి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి, ఒక ఫోల్డర్ ఇంకో ఫోల్డర్లోకి ఈడ్చుకుపోయింది. పడవ నడిపే పెద్దాయన తొంగి చూసి "ఏందబ్బయా, దానికి పూనకమొచ్చినాదా?" అన్నాడట. వీడు నాకు ఫోన్ చేసి "మామా, ఎవడో హ్యాక్ చేశాడు" అన్నాడు. పడవలో, సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట, వీడి కొలతల కోసం ఎవడు కాపు కాస్తాడండీ!

"ఆ జీపీఎస్ తీగ పీకి చూడరా" అన్నాను. పీకాడు. పూనకం దిగింది.

జరిగిందేమంటే, యూఎస్‌బీకి ముందు మౌసులు సీరియల్ పోర్టుకి తగిలించేవాళ్ళం. మైక్రోసాఫ్ట్ సీరియల్ మౌస్ సెకనుకు 1200 బిట్ల వేగంతో మాట్లాడేది, కరెంటు అందగానే తన గుర్తుగా ఇంగ్లీషు ఎం అక్షరం పంపేది. ఆ కాలపు మౌస్ ఇప్పుడు ఎవరింట్లోనూ లేకపోయినా, విండోస్ 10 నాటికీ దాన్ని వెతికే అలవాటు పోలేదు. ఇటు జీపీఎస్ బిళ్ళ లోపల ఓ చిప్పు ఉంటుంది, అది యూఎస్‌బీని సీరియల్ పోర్టులా కనిపించేట్టు చేస్తుంది. ఆ పోర్టులోంచి బిళ్ళ ఎవరూ అడక్కుండానే మాట్లాడుతూ ఉంటుంది. పడవల్లో, ఓడల్లో వాడే ఎన్‌ఎంఈఏ భాష అది, వేగం 4800. డాలరు గుర్తుతో మొదలవుతుంది, జీపీజీజీఏ అంటుంది, టైము చెబుతుంది, మైపాడు దగ్గరైతే 1430తో మొదలయ్యే అక్షాంశం, 08010తో మొదలయ్యే రేఖాంశం చెబుతుంది, ఎత్తు చెప్పి మీటర్లకు గుర్తుగా ఎం అంటుంది. సెకనుకోసారి ఇదే పాట. విండోస్ లేచే వేళకు ఈ వాగుడు చెవిన పడితే, అందులో మౌస్ సంతకం లాంటిదేదో దానికి దొరికేస్తుంది. మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్ అని పేరు పెట్టేస్తుంది. బాల్‌పాయింట్ అంటే 1990ల మొదట్లో ల్యాప్‌టాప్ అంచుకు తగిలించుకునే గుండు మౌస్, మీరూ నేనూ చూసి ఉండం. ఇక అక్షాంశాలన్నీ చెయ్యి కదలికలే, రేఖాంశాలన్నీ క్లిక్కులే.

పైగా ఈ బిళ్ళల్ని బజార్లో అమ్మే పేరు కూడా జీ-మౌసే. చెప్పుకుంటే నవ్వులాట.

మందు సులువు. ముందు బిళ్ళ తీసేసి, విండోస్ పూర్తిగా లేచాక తగిలిస్తే సగంసార్లు గొడవే ఉండదు. అయినా వస్తే బిళ్ళ ఉండగానే, కీబోర్డుతోనే డివైస్ మేనేజర్‌కి పోయి ఆ బాల్‌పాయింట్‌ను డిసేబుల్ చెయ్యాలి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే లాభంలేదు, రీస్టార్ట్ కాగానే మళ్ళీ హాజరు. బిళ్ళలో ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పు ఉంటే దాని కామ్ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'సీరియల్ ఎన్యూమరేటర్' అని ఓ గడి ఉంటుంది, అందులో టిక్కు తీసేస్తే ఆ పోర్టులో మౌస్ కోసం వెతకడమే మానేస్తుంది. ఏ కంతలో పెట్టినా వచ్చే మొండిఘటమైతే రిజిస్ట్రీలో సెర్‌మౌస్ అనే సేవ దగ్గర స్టార్ట్ విలువ 3 ఉన్నచోట 4 చెయ్యాలి. రిజిస్ట్రీ తెలిసినవాళ్ళు పక్కనుంటేనే చెయ్యండి. మావాడు ఎన్యూమరేటర్ టిక్కుతోనే గట్టెక్కాడు.

ఇలా ఉన్న చోటు చెప్పే ఉపగ్రహాలు మనకూ ఉన్నాయి. నావిక్ వరసలో మొదటిది 2013 జూలై 1 రాత్రి పీఎస్‌ఎల్‌వీ-సీ22 మీద ఎగిరింది ఈ ఒడ్డునే, కాస్త దక్షిణాన శ్రీహరికోట నుంచి. అంతరిక్షంలోంచి వచ్చిన సంగతి అంత శుద్ధంగా పడవ కప్పుదాకా వచ్చి, చివరి మూరెడు తీగలో మౌస్‌గా మారిపోయిందన్నమాట!

విండోస్‌కి ఈ మౌస్ పిచ్చి ఇవాళ్టిది కాదు. ఎన్‌టీ రోజుల్లో అది లేస్తూనే ప్రతి సీరియల్ పోర్టునూ నువ్వు మౌస్‌వా అని పలకరించేది. ఆ పోర్టుకి యూపీఎస్ తగిలించి ఉంటే, కొన్ని యూపీఎస్‌లు ఆ పలకరింపునే ఆగిపొమ్మన్న ఆజ్ఞ అనుకునేవి. అందుకే బూట్ ఫైలులో నోసీరియల్‌మైస్ అని రాసుకునేవాళ్ళం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో, కరెంటు ఉండగా యూపీఎస్‌ను ఆపేసే కంప్యూటర్!

పేరు చెబితే నమ్మేసే ఈ గుణం దొంగలకూ పనికొస్తుంది. 2014లో కార్స్‌టెన్ నోల్ అనే పరిశోధకుడి బృందం బ్యాడ్‌యూఎస్‌బీ అని చూపించింది, పెన్‌డ్రైవే కీబోర్డునని చెప్పుకుని ఆజ్ఞలు టైపు చేసేస్తుంది. 2016లో బాస్టిల్ అనే సంస్థవాళ్ళు మౌస్‌జాక్ బయటపెట్టారు. కొన్ని వైర్‌లెస్ మౌస్ రిసీవర్లు, మౌస్ మాటలు రావాల్సిన దారిలో కీబోర్డు మాటలు పంపినా కాదనకుండా తీసుకున్నాయి. రోడ్డు మీద దొరికిన పెన్‌డ్రైవు తగిలించొద్దని పిల్లలకు చెప్పేది ఇందుకే.

జీపీఎస్ తీగలు కొనేవాళ్ళకు ఒక్క మాట. వాటిలోని చిప్పులకు నకిలీలు బోలెడు. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవరొకటి వదిలితే, అది నకిలీ చిప్పును పట్టుకుని దాని మోడల్ నంబరునే సున్నా చేసేది, ఇక ఏ కంప్యూటరూ గుర్తుపట్టదు. గోల పెరిగాక వెనక్కి తీసుకున్నారు. అలాంటి చిప్పులే చేసే ప్రొలిఫిక్ వాళ్ళు ఇంకాస్త మర్యాదస్తులు. పీఎల్2303 పాత చిప్పో, నకిలీదో తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో వస్తువు పేరు ఉండాల్సిన చోట, ఇది 2012 నుంచే ఆపేసిన సరుకు, మీకు అమ్మినవాళ్ళని అడగండి అని కనిపిస్తుంది. సంతలో ప్లాస్టిక్ పట్టా మీద పరుచుకుని అమ్మినవాణ్ని ఏ ఊళ్ళో అని వెతికేది?