సీతాకోకచిలుక యీత పుట్టిన యూరు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ అయోవా యను రాష్ట్రము కలదు. ఎటు చూచినను మొక్కజొన్న చేలు, సోయా చేలు. అచ్చటివారు సముద్రము చూడవలెనన్న కొన్ని వందల మైళ్లు పోవలెను. ఇట్టి మెట్టసీమలో, కడలిలోని డాల్ఫినువలె ఎగసి మునుగు నొక యీత రూపు దిద్దుకొన్నదన్న వినువారికి వింతగా నుండును. ఆ యీతను ఇంగ్లీషువారు బటర్‌ఫ్లై అందురు. మనము సీతాకోకచిలుక యీత యనవచ్చును. మా పెద్దమ్మాయి కాపురము అయోవా సిటీలో నుండుటచే ఒక వేసవిలో మూడు నెలలు నేనచ్చట నుంటిని. ఆ యూరిని గూర్చియు, ఆ యీతను గూర్చియు సోదరీమణులకు కొంత తెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఊరు చిన్నది. నడుమ అయోవా నది పాఱుచున్నది. తూర్పు గట్టున బంగారు పూత గుమ్మటముతో పాత శాసనసభా భవనమున్నది. 1857 వఱకు రాష్ట్రమునకు ముఖ్యపట్టణ మిదియే. పిమ్మట రాజధాని డెమాయిన్ నగరమునకు తరలిపోగా, ఆ భవనము విశ్వవిద్యాలయమున కబ్బినది. ఆ విశ్వవిద్యాలయము 1855లోనే స్త్రీపురుషులను సమముగా చేర్చుకొనినదట. నది చూచుటకు సాధువుగా నుండును గాని 2008 జూన్ నెలలో పొంగి విద్యాలయపు భవనములను పెక్కింటిని ముంచినది. కృష్ణ ఒడ్డున పుట్టినదానను గనుక నదుల సాధుత్వమును నేను పూర్తిగా నమ్మను.

నదికి పడమట ఫీల్డ్ హౌసను పెద్ద వ్యాయామశాల కలదు. 1927లో కట్టినది. దానిలోని కొలనులో డేవిడ్ ఆర్మ్‌బ్రస్టరను గురువు విద్యార్థులకు ఈత నేర్పుచుండెను. ఆ కాలమున పందెములలో కప్ప యీత యొకటి యుండెడిది. అందు చేతులను నీటిలోపలనే ముందునకు చాచవలెను. నీరు వానికి అడ్డుపడి వేగమును హరించును. చేతులను నీటిపైనుండి విసరి తెచ్చిన ఆ నష్టము తప్పును గదా యని 1934లో ఆయన ప్రయత్నించెను. వేగము హెచ్చినది గాని యీదువాడు త్వరలో అలసిపోవుచుండెను. కాళ్ల కప్పతాపు ఆ చేతులకు జోడు కాలేదు. 1935లో ఆయన శిష్యుడు జాక్ సీగ్ నీటిలో ప్రక్కకు ఒత్తిగిలి, చేపవలె దేహమును ఊపుచు చూచెను. పిమ్మట బోరగిలి అదే యూపును క్రిందికి మీదికి మార్చెను. రెండు కాళ్లు చేర్చి తోకవలె ఊపుట, ఒక బారకు రెండు తాపులు: ఇంతే రహస్యము. ఆ తీరున నతడు నూఱు గజములను ఒక నిమిషము మీద సెకండులో అయిదవవంతు కాలములో ఈదెను. అయినను కాళ్లు క్రిందికి మీదికి ఆడుట నాటి నిబంధనలకు విరుద్ధమని పందెములలో దానిని ఒప్పుకొనరైరి.

చేతులను నీటిపైనుండి తెచ్చుట తమవారే కనిపెట్టిరని చెప్పుకొనువారు వేఱుచోట్లను గలరు. జర్మనీలో ఎరిక్ రాడెమాకర్‌ను, న్యూయార్కులో హెన్రీ మైయర్సును పేర్కొందురు. ఆవకాయ మొదట ఏ యింట పెట్టిరో తేల్చుట యెట్లో యిదియు నట్లే. చేతులకును కాళ్లకును పొత్తు కుదిర్చిన ఘనతను మాత్రము అయోవా వారికీయక తప్పదు.

1952లో అంతర్జాతీయ సమాఖ్యవారు దీనిని కప్ప యీతనుండి వేఱుచేసి ప్రత్యేకమైన యీతగా నంగీకరించిరి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ పోటీలలో స్త్రీల నూఱు మీటర్ల పందెమున షెల్లీ మాన్ అను అమెరికా యువతి తొలి స్వర్ణపతకమును గెలిచినది. ఆమెకు ఆరవయేట పోలియో సోకినది. కాళ్లకు చేతులకు సత్తువ తెచ్చుకొనుటకై పదవయేట నీటిలో దిగినది. ఈ యీత కండబలము గల మగవారికే యనెడి మాట నేను చిన్ననాటినుండియు వినుచున్నాను. దానిని స్త్రీలలో మొదట గెలిచినదానికి బాల్యమున నడకయే కష్టమైనదని తెలిసినపిమ్మట ఆ మాటపై నాకు గౌరవము పోయినది.

పట్టణపు కొలనులో ఉదయమున పెద్దవయసు స్త్రీలకు ఈత నేర్పుదురు. నేర్పునామెకు అరువదేండ్లుండును. నాకు కాలువలో ఆనపబుర్ర కట్టుకొని నేర్చిన మామూలు ఈత వచ్చును గనుక నన్ను చేర్చుకొన్నది. మొదటి దినమున ఆమె యన్నది: "అమ్మా, దీనికి బలము వలదు, అదను కావలెను." ఉయ్యాలలో బిడ్డ నూపుట కెంత బలము కావలెను? ఉయ్యాల తిరిగి వచ్చు క్షణమున వ్రేలితో తాకిన చాలును. అదను తప్పిన రెండు చేతులతో నెట్టినను ప్రయోజనము లేదు. నాకీ పోలిక తోచి ఆమెతో చెప్పగా మిగిలినవారికిని అదే చెప్పసాగెను.

మొదటివారము చేతుల పనియే లేదు. చేతులు ముందునకు చాచి బోరగిల తేలి, ఱొమ్మును కొంచెము నీటిలోనికి అదుమవలెను. అంతట నడుము తనంతనే పైకి లేచును. ఱొమ్ము నదుముట మానగానే నడుము దిగును, కాళ్లు కొరడా కొనవలె వెంబడించును. మోకాళ్లతో తన్నరాదు. ఈ యల ఱొమ్మున పుట్టి పాదములతో ముగియవలెను. ఇది పట్టుబడినచో సగము విద్య వచ్చినట్లే.

పిదప బార. చేతులు భుజముల వెడల్పున మెల్లగా నీటిలో దిగునప్పుడు ఒక తాపు. నీటిని వెనుకకు త్రోసి తొడలయొద్ద చేతులు బయటకు వచ్చునప్పుడు రెండవ తాపు. ఈ రెండవదే చేతులను పైకి లేపునది. దీని యదను తప్పినవారు భుజబలముతో చేతులను పెఱుకుకొందురు, ఆయాసమెల్ల అక్కడనే. పైకి వచ్చిన చేతులను వదులుగా, నీటిని రాచుకొనునంత తక్కువ యెత్తున, ప్రక్కలనుండి ముందునకు త్రిప్పవలెను. రెక్కలు విప్పినట్లు కనబడునది ఈ ఘట్టమే.

ఊపిరి సంగతి అన్నిటికంటె ముఖ్యము. తల నెత్తి ఆకాశమును చూడరాదు. తల యెంత లేచిన నడుమంత మునుగును. మునిగిన నడుము నీడ్చుకొనిపోవుట బస్తా నీడ్చినట్లుండును. గడ్డము నీటిని తాకుచుండగానే గ్రుక్కెడు గాలి పీల్చి, చేతులు ముందునకు పడకమునుపే ముఖమును దించవలెను. చేతులు దిగినపిమ్మట ఒక్క క్షణము ఊరక జాఱవలెను. ఆ క్షణమే విశ్రాంతి. తొందరపడి మఱల బార మొదలుపెట్టువారికి విశ్రాంతి దొరకదు.

ఆమె మమ్ము ఒక్కసారికి నాలుగు బారలకంటె వేయనీయలేదు. నాలుగు బారలు, ఆగుట, ఊపిరి తీర్చుకొనుట. ఒకనాడు కుడిచేతితో మాత్రమే, ఒకనాడు ఎడమచేతితో మాత్రమే. అలసినవెనుక వేసిన బార వంకరపోవును, ఆ వంకరయే వంటబట్టునని ఆమె మతము. ఆఱవవారమున నేను కొలను అడ్డముగా ఈ యీతతో దాటితిని. నాకు ఏబదిరెండేండ్లు. మఱునాడు భుజములు నొవ్వలేదు. భుజము, నడుము నొప్పులు గలవారు మాత్రము వైద్యుని అడిగియే దిగవలెను.

బట్టల మాట అడుగకుండ నుండరని యెఱుగుదును. మణికట్టు వఱకు చేతులు, చీలమండ వఱకు కాళ్లు కప్పు ఈతదుస్తు లిప్పుడు దొరకుచున్నవి. నేను వానితోనే దిగితిని. ఎవ్వరును తేఱిపాఱ చూడలేదు. ఈ యీతను కాలువలలో, చెఱువులలో నభ్యసింపరాదు. ముఖము నీటిలో నుండుటచే ఎదుటి మనిషియు కనబడడు, లోతును తెలియదు. కాపరి యున్న కొలనే తగును.

విశ్వవిద్యాలయము వారు 2010లో నదికి తూర్పున ఏబది మీటర్ల క్రొత్త కొలను తెఱచిరి. 2020 ఆగస్టులో డబ్బు చాలదని స్త్రీపురుషుల ఈత జట్లు రెంటిని ఎత్తివేయుదుమని ప్రకటించిరి. ఈ యీతకు పుట్టినిల్లైనచోట ఆ మాట పుట్టుట విచిత్రమే. ఆడపిల్లలు ఊరకుండలేదు. చదువుల యందు స్త్రీలకు సమానావకాశము నిచ్చు శాసనమును బట్టి న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. డిసెంబరులో న్యాయమూర్తి వారి పక్షమున తాత్కాలికాజ్ఞ ఇచ్చెను. 2021 ఫిబ్రవరిలో స్త్రీల జట్టును శాశ్వతముగా నుంచుదుమని విద్యాలయమువారు ఒప్పుకొనిరి. పురుషుల జట్టు మాత్రము పోయినది.

మనుమరాలు నన్నొక సాయంకాలము ఆ కొలనుకు తీసికొనిపోయినది. ఎనమండ్రు బాలికలు ఎనిమిది వరుసలలో ఈ యీత నీదుచుండిరి. అంత వేగమునకు ఎంత చప్పుడగునో యనుకొంటిని గాని నీరు చిందుటయే తక్కువ. గట్టుమీద కూర్చుండి మనుమరాలు వ్రేళ్లతో తాపులను లెక్కింపసాగెను. బారకు రెండు, బారకు రెండు.