కొండ దిగివచ్చిన కూజామొక్క

మన దేశమున సహజముగా పెరుగు కూజామొక్క జాతి యొక్కటియే. అది మేఘాలయలోని ఖాసీ, జయంతియా, గారో కొండలలో నున్నది. 1873వ సంవత్సరమున హుకర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని 'నెపెంథిస్ ఖాసియానా' యను పేర వర్ణించెను. దానిని పుట్టినచోటనే చూడవలెనని మేము గడచిన దసరా సెలవులలో రాజమహేంద్రవరమున రైలెక్కి, గౌహతిలో దిగి, మోటారుమీద షిల్లాంగు చేరితిమి. మావారి పాఠశాలకు సెలవులు పదిదినములే. రాకపోకలకే నాలుగు చెల్లినవి.

మరునాడు జోవాయి మీదుగా జరాయిన్ గ్రామమునకు పోతిమి. దారి పొడవునను దేవదారువంటి చెట్లు, నడుమ పచ్చికబయళ్లు, మీద నెడతెగని మబ్బు. ఆ గట్లమీద పొదల నల్లుకొని కూజామొక్కలు వ్రేలాడుచున్నవి. కూజా పువ్వు కాదు, కాయ కాదు. ఆకు కొస తీగవలె సాగి, చివర నుబ్బి, మూత పెట్టిన పాత్రయైనది. అంచున తేనె యూరును. ఆశపడి వచ్చిన చీమ నున్నని లోపలిగోడపై నిలువలేక జారి, అడుగునున్న రసములో పడి జీర్ణమగును. అచ్చటి కుండపోత వానలకు నేలలోని సారము కొట్టుకొనిపోవును గనుక, వేళ్లకు దొరకని నత్రజనిని ఆకులు సంపాదించుచున్నవి. సంసారమీదు ఇల్లాండ్రకు ఈ యుపాయము వింతగా తోచదు!

మాకు దారిచూపినది యొక జయంతియా వృద్ధురాలు. ఆమె మాటలు మోటారు నడపువాడు హిందీలో చెప్పగా మావారు మాకు తెలిపిరి. వారి పలుకులో దీని పేరు 'క్సెత్ ఫరే', అనగా మూతగల ఈగవల. ఖాసీలు రాక్షసపుష్పమనియు, గారోలు దయ్యపుబుట్ట యనియు నందురట. ఆ కొండజాతులలో తల్లినిబట్టియే వంశము. ఖాసీ, జయంతియాలలో పిత్రార్జితమను మాటకు బదులు మాతృగృహము కడగొట్టు కూతురికి దక్కును. ఈ సంగతి విని మా చిన్నమ్మాయి అన్నగారివంక చూచిన చూపు మరువరానిది.

మేమొక మొక్కకడ వంగగానే ఆ యవ్వ చేయి యడ్డము పెట్టెను. పెరికికొనిపోవు బాటసారుల వలనను, పోడువ్యవసాయము వలనను, బొగ్గుత్రవ్వకముల వలనను ఈ జాతి తరిగిపోయినది. అంతరించు ప్రమాదముగల జాతులలో దీనిని చేర్చిరి. అడవినుండి తీసి యమ్ముట నిషిద్ధము. షిల్లాంగులోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయమువారు కణజాలమునుండి దీని పిల్లమొక్కలను పెంచు విధము కనుగొనిరి. మేము అనుమతిగల యొక నర్సరీలో పెంచిన జానెడు మొక్కను కొని, చీటీతో సహా, తడినాచు చుట్టి రైలులో ఒడినుంచుకొని తెచ్చితిమి.

గోదావరి యొడ్డున నది బ్రతుకునా? గారో కొండలలో బాఘ్‌మారా యొద్ద దీనికై మూడు హెక్టారులకు మించని రక్షితవనమొకటి కలదు. ఆ చోటు షిల్లాంగంత యెత్తు కాదు, అంత చల్లన కాదు. కనుక దీనికి వేడిమి కంటె పొడిగాలియు, చల్లబడని రాత్రియు నెక్కువ శత్రువులని మేము తలచితిమి.

వచ్చిన నెలలోనే కొండమీది కూజాలన్నియు నెండిపోయినవి. దానికి బెదరలేదు, క్రొత్త యాకు వచ్చుటయే ముఖ్యము. ఎరువు వేయలేదు, ఎరువు వేరులను మాడ్చును. కొబ్బరిపొట్టు, ఇసుక, బొగ్గుముక్కలు కలిపి మట్టికుండీలో నాటితిమి. బోరునీటి ఉప్పు దానికి పడదు గనుక వాననీటిని పట్టి దాచి, అది చెల్లినపిదప శుద్ధియంత్రపు నీరు పోసితిమి. ఉదయపుటెండను వారమునకు కొంచెము చొప్పున నలవరచి, పదిగంటల తరువాత నీడకు చేర్చుచుంటిమి. పిల్లలు మూత యెత్తి అన్నపు మెతుకులు వేయబోగా వారించుటయే పెద్దపని యయ్యెను.

చైత్రము దాటగానే పడమటిగాలి లేచినది. మంచినీళ్ల కూజా నుంచు తడియిసుక పళ్లెరముననే కుండీని నిలిపి, చుట్టును తడిగోనెలు కట్టితిమి. ఆ చల్లని మూల తులసికోటకు దగ్గర. అత్తగారు, “తులసికోట పక్కన ఆ మాంసం తినే మొక్కేమిటే!” యని రెండుదినములు మాతో పలుకలేదు. రోహిణీకార్తెలో వచ్చిన యాకులన్నిటికిని కొసలు నల్లబడి మాడినవి. ఒక్క కూజాయు కట్టలేదు. రాత్రి పండ్రెండుగంటలకు లేచి గోనెలు తడుపుచుంటిమి. ఒకనాటి రాత్రి మేము లేచునప్పటికే గోనెలు తడిసియున్నవి. అత్తగారి మంచముక్రింద ఖాళీ చెంబు కనబడినది.

మృగశిర వానలు పడిన మూడవవారమున నొక యాకుకొస వ్రేలిగోరంత యుబ్బెను. ఆషాఢము చివరకు మూత విచ్చినది. లోపల చెంచాడు రసమున్నది. ఇప్పటికి నాలుగు కూజాలైనవి, కొండమీదివానిలో సగము పొడవు లేవు. ఈ జాతిలో ఆడుమొక్క వేరు, మగమొక్క వేరు. మాది యేదో పుష్పించినగాని తెలియదు. ఆడుదే యని అత్తగారి పట్టు.