గాలిఫ్ వీధిలో నేర్చిన పాఠం

ఆదివారం ఉదయాన ఉత్తర కోల్‌కతాలోని బాగ్‌బజార్ దాటి వెళ్లే వారికి మొదట వినవచ్చేది పక్షుల కలకలం. ఆ వెనుకనే గాలిఫ్ వీధి. ఒకప్పుడు ట్రాములకు చివరి మజిలీ అయిన ఆ వీధిలో వారానికొక్కసారి పెంపుడు ప్రాణుల సంత సాగుతుంది. పంజరాలను, పూలకుండీలను దాటి నడిస్తే, నీటితో ఉబ్బిన ప్లాస్టిక్ సంచులలో రంగురంగుల చేపలు మెరుస్తుంటాయి.

అనువాదాల పనిమీద ఆ నగరంలో కాపురమున్న రోజులలో, అక్కడ నేనొక క్రేఫిష్‌ను కొన్నాను. రొయ్యకు ఎండ్రకాయ డెక్కలు అతికించినట్లుండే ఆ ప్రాణి మన దేశానిది కాదు. నేను కొన్న నీలిరంగు జాతికి పుట్టిల్లు అమెరికాలోని ఫ్లోరిడా.

మూడు వారాల అనంతరం ఒక రాత్రి అది తొట్టి అడుగున పక్కకు ఒరిగి పడి ఉన్నది. వీపుమీది పెంకు విచ్చుకున్నది. అవస్థ పడుతున్నదని జాలిపడి, పట్టకారుతో ఆ పెంకును మెల్లగా లాగాను. తెల్లవారేసరికి అది ప్రాణం విడిచింది.

మరుసటి ఆదివారం సంగతి చెప్పగా, అమ్మిన వృద్ధుడు నిట్టూర్చాడు. "దీదీ, అది బట్టలు మార్చుకుంటున్నది. ఆ వేళ తలుపు తీయవచ్చునా?"

నేను సిగ్గుపడ్డాను. భీమవరం ప్రాంతంలో పెరిగిన నాకు రొయ్య గుల్ల విడవడం తెలియని సంగతి కాదు. అమావాస్యకు, పౌర్ణమికి చెరువును కనిపెట్టి ఉండాలని రైతులు అనుకోవడం ఎన్నోసార్లు విన్నాను. గాజుతొట్టి ముందు అది గుర్తుకు రాలేదు.

క్రేఫిష్ పెంకు సాగదు. కనుక ఎదగాలంటే పాము కుబుసం వలె దానిని విడవవలసిందే. ముందుగా పాత పెంకులోని సున్నపు పదార్థాన్ని కొంత వెనుకకు తీసుకొని, పొట్టలో రెండు చిన్న రాళ్లుగా దాచుకుంటుంది. పూర్వం ఐరోపాలో వాటిని 'ఎండ్రకాయ కళ్లు' అని పిలిచి మందుగా వాడేవారు. కుబుసం విడిచిన పిమ్మట ఆ రాళ్లు కరిగి కొత్త పెంకుకు గట్టిదనమిస్తాయి. మొప్పల పైపొర సైతం పాత పెంకుతోనే ఊడివస్తుంది. అందుకే బయటినుండి లాగితే ప్రాణానికే ముప్పు.

రెండవ క్రేఫిష్‌ను తెచ్చినప్పుడు జాగ్రత్తపడ్డాను. దాగడానికి మట్టిగొట్టం పెట్టాను. మెత్తని ఒంటితో ఉన్నప్పుడు తోటి ప్రాణులు తినివేస్తాయి గనుక దానిని ఒంటరిగా ఉంచాను. క్లోరిన్ పోగొట్టిన నీటిని వారానికి కొంత మాత్రమే మార్చాను. సున్నం కొరకు పక్షులకు పెట్టే సముద్రపు నురుగు ముక్క వేశాను. రాగి కలిసిన చేపల మందులను దరిచేరనీయలేదు.

ఒకనాడు అది మేత మానింది. దీపం ఆర్పి, చేతులు కట్టుకొని కూర్చున్నాను. అంత కష్టమైన రాత్రి నాకు మరొకటి గుర్తులేదు. ఉదయం చూస్తే తొట్టిలో రెండు క్రేఫిష్‌లు! ఒకటి డొల్ల, రెండవది మట్టిగొట్టంలో మీసాలు కదుపుతున్నది. డొల్లను తీయలేదు. సున్నం కొరకు దానినే అది కొంచెం కొంచెంగా తిన్నది.

ఆదివారం నన్ను చూస్తూనే వృద్ధుడు అడిగాడు: "తలుపు తీయలేదు కదా?"

"లేదు, దాదా."

"మంచిది. ఎప్పుడైనా వద్దనుకుంటే గంగలో మాత్రం వదలకు. పరాయి ప్రాణి మన నీటిని పాడుచేస్తుంది. నాకే తెచ్చి ఇవ్వు."

ఆ అవసరం రాలేదు.