ఈశాన్యంలో టీవీ

ఆ ఇంటికి ఎవరొచ్చినా కాఫీ గ్లాసు చేతికి రాకముందే ఒక మాట అడిగేవారు. 'అదేంటి మాస్టారూ, ఈశాన్యంలో టీవీ పెట్టారు?'

మాస్టారు నవ్వి ఊరుకునేవారు. నిజానికి వాస్తు పట్టింపు ఆ వీధిలో ఆయనకే ఎక్కువ. ఇల్లు కట్టేటప్పుడు వంటింటి గట్టు అరడుగు పక్కకు జరిగిందని మేస్త్రీ చేత కూలగొట్టించి మళ్లీ కట్టించిన మనిషి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, కరెంటు సామాన్లన్నీ ఆగ్నేయంలోనే ఉండాలి అని ఇరుగుపొరుగు వాళ్లకి చెప్పిందీ ఆయనే. అలాంటాయన పాతిక కిలోల టీవీని తీసుకెళ్లి ఈశాన్యం మూలన కూర్చోబెడితే ఎవరికైనా వింతే మరి!

తెనాలిలో చిన్న ఇల్లు. హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. నాలుగు గోడలున్నాయని పేరే గానీ తూర్పు గోడ వీధి తలుపుకి పోయింది. ఉత్తరం గోడకి కిటికీ. దక్షిణం గోడకి ఒక చివర పడగ్గది తలుపు, మధ్యలో వంటింటి దారి. మిగిలింది పడమటి గోడ ఒక్కటే. అక్కడ పెద్దవాళ్ల ఫొటోలు, కింద సోఫా.

చిన్న ఇళ్లల్లో టీవీ ఎప్పుడూ మూలకే చేరేది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1982లో ఏషియాడ్‌తో రంగులొచ్చాయి. ఆ తర్వాత పదేళ్లలో మధ్యతరగతి ఇళ్లల్లోకి డయనోరాలు, సాలిడేర్లు, ఓనిడాలు ఒక్కొక్కటే దిగాయి. శుక్రవారం చిత్రలహరికి పక్కింటి పిల్లలంతా చాప మీద కూర్చునేవారు. వాళ్లందరికీ బొమ్మ కనపడాలంటే టీవీ మూలన ఉండాల్సిందే. దానికి మరో కారణం కూడా ఉంది. ఆ టీవీ వీపు. పిక్చర్ ట్యూబు వెనక మెడలో ఉండే గన్ను ఎలక్ట్రాన్లను ముందున్న అద్దం మీదికి విసిరేది. ఆ ధార వంగి తెర అంచుల దాకా చేరాలంటే దూరం కావాలి. అందుకే 21 అంగుళాల టీవీకి అడుగున్నర లోతు. గోడకి ఆనించి పెడితే సగం హాలు అదే తినేసేది. మూలన ఏటవాలుగా పెడితే ఆ వీపు కాస్తా రెండు గోడల మధ్య ముక్కోణంలో ఒదిగిపోయేది. ఇంట్లో ఎందుకూ పనికిరాని జాగాకి అచ్చంగా సరిపోయిన వస్తువు అదొక్కటేనేమో!

మాస్టారి టీవీ కూడా మూలనే ఉండేది. అయితే ఆగ్నేయం మూలన, శాస్త్రప్రకారం. 2009లో ఒకరోజు పక్కింటి కుర్రాణ్ని సాయం పిలిచి, స్టాండుతో సహా ఈశాన్యానికి జరిపేశారు. అప్పటికి కొడుకు బెంగళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చి చూసి, 'ముసలితనంలో నాన్నకి చాదస్తం తగ్గినట్టుంది' అని సంతోషించాడు.

2017లో ఆ కొడుక్కి విజయవాడకి బదిలీ అయింది. భార్యనీ పిల్లాణ్నీ తీసుకుని తెనాలిలోనే దిగాడు. దసరాకి 43 అంగుళాల పల్చటి టీవీ కొన్నాడు. షాపు వాళ్లు పంపిన కుర్రాడు డ్రిల్లు పట్టుకుని నిలబడ్డాడు.

'ఆ మూలే ఉంచరా' అన్నారు మాస్టారు.

'మూలన ఎందుకు నాన్నా? ఇది వెడల్పు మూడడుగుల పైనే. మూలకి అడ్డంగా పెడితే వెనకాల అడుగున్నర ఖాళీ దండగ. సోఫా ఇటు జరిపేసి పడమటి గోడకి కొట్టిద్దాం. పైగా ఈశాన్యం అని మీరేగా అనేది!'

కొడుకు లెక్కలో తప్పేమీ లేదు. పాత టీవీ వీపుతో నింపిన ముక్కోణాన్ని కొత్త టీవీ ఖాళీగా వదిలేస్తుంది. అక్కడ చేరేది దుమ్మూ దోమలే.

'నీ ఇష్టం' అన్నారు మాస్టారు. ఆ మాటకి అర్థం ఏమిటో తెలుగిళ్లల్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. అయినా తెలియనట్టే ఊరుకున్నారంతా. పెద్దవాళ్ల ఫొటోలు పైకి జరిగాయి. పడమటి గోడకి టీవీ ఎక్కింది. పాతది ఎక్స్ఛేంజిలో ఆటో ఎక్కింది.

బొమ్మ అద్భుతంగా ఉంది. పిల్లాడు గంతులేశాడు. మాస్టారు మాత్రం పడగ్గది గుమ్మం పక్కనున్న తన పడక్కుర్చీలో కూర్చోవడం మానేశారు. కళ్లు లాగుతున్నాయని అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవారు. కొత్త టీవీ అంటే కోపం అనుకున్నారు ఇంట్లో వాళ్లు.

నాలుగోరోజు మధ్యాహ్నం. భక్తి చానెల్లో తిరుమల కల్యాణోత్సవం వస్తోంది. కోడలు పడగ్గదిలో అత్తగారి మంచం మీద దుప్పటి మారుస్తోంది. అత్తగారు 2009లో బావి దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా మునుపటిలా నడవలేదు. రోజులో ఎక్కువసేపు ఆ మంచమే.

'తలంబ్రాలు పోశారా అమ్మా?' అడిగారావిడ.

'కనపడట్లేదా అత్తయ్యా?'

'వినపడుతోందిగా, చాల్లే.'

దిండు సర్దడానికి వంగిన కోడలు తలెత్తి గుమ్మంలోంచి చూసింది. ఆ మంచం మీదనుంచి హాలు మొత్తంలో కనిపించేది ఒక్క మూలే. ఈశాన్యం మూల. అక్కడ గోడమీద టీవీ ఆనుకున్నంత మేర సున్నం తెల్లగా ఉంది. నేలమీద స్టాండు కాళ్ల తుప్పు మరకలు నాలుగు. అనుమానం వచ్చి అత్తగారి పక్కన ఒరిగి, దిండు మీద తలపెట్టి మరీ చూసింది. పడమటి గోడ అసలు కనపడదు.

రాత్రి భర్తకి చెప్పింది. అతను కాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే తండ్రి దగ్గరికి వెళ్లాడు.

'చెప్పొచ్చుగా నాన్నా!'

'అడిగితేగా? అందరూ వాస్తు గురించే అడిగారు.'

ఆ తరం మగవాళ్లంతే. భార్య కోసం ఒక పని చేశామని కొడుకు ముందు ఒప్పుకోవడం కంటే చాదస్తం అనిపించుకోవడమే నయం వాళ్లకి.

'పోనీ అమ్మ గదిలో చిన్నదొకటి పెట్టిస్తా' అన్నాడు కొడుకు. ఈ కాలపు పరిష్కారం అదే కదా, గదికో టీవీ. లోపల్నుంచి జవాబొచ్చింది. 'ఒక్కదాన్నే ఏం చూడనురా?'

అప్పుడు గానీ కోడలికి పడక్కుర్చీ సంగతి అర్థం కాలేదు. ఆయన గుమ్మం ఇవతల, ఆవిడ గుమ్మం అవతల. సీరియల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆయనకెప్పుడూ గుర్తుండదు. ఆవిడ లోపల్నుంచే చెబుతుంటారు. క్రికెట్ స్కోరు ఆవిడకి పట్టదు. అయినా ఆయన చెబుతుంటారు. అరుగు మీద పేపరు చదివిన ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఆగిపోయింది టీవీ కాదు.

మళ్లీ డ్రిల్లు కుర్రాడు వచ్చాడు. ఈసారి చెయ్యిలా ముందుకు సాగి, పక్కకి తిరిగే బ్రాకెట్టు తెచ్చాడు. కిటికీ పక్కన, ఈశాన్యం మూల దగ్గర బిగించాడు. పడమటి గోడకి పడిన బొక్కల మీదికి పెద్దవాళ్ల ఫొటోలు దిగాయి. మొదట టీవీని సోఫా వైపే తిప్పి ఉంచారు. 'రంగులు వెలిసిపోయినట్టున్నాయేం?' అన్నారు పెద్దావిడ. ఈ పల్చటి తెరల్లో కొన్నింటితో అదే చిక్కు. ఎదురుగా చూస్తే వెలుగులీనే బొమ్మ ఏటవాలుగా చూస్తే పాలిపోతుంది. పాత ట్యూబు టీవీకి ఆ పేచీ లేదు. ఎటునుంచి చూసినా ఒకటే.

అందుకని ఒక ఒప్పందం కుదిరింది. సాయంత్రం టీవీ సోఫా వైపు. మధ్యాహ్నం పడగ్గది వైపు. వెనకాల మిగిలిన ముక్కోణంలో పిల్లాడి క్రికెట్ బ్యాటు, చీపురూ చేరాయి. ఈశాన్యంలో చీపురేమిటని మాస్టారు సణిగారు గానీ తీసి బయట పెట్టలేదు.

మధ్యాహ్నం పన్నెండు కాబోతుంటే ఆయన లేచి, రెండు చేతులతో టీవీ అంచు పట్టుకుని మెల్లగా తిప్పుతారు.

'ఇంకొంచెం' అంటుంది లోపలి గొంతు.

తిప్పుతారు.

'మరీ ఎక్కువైందండీ. కాస్త వెనక్కి.'

వెనక్కి తిప్పి, పడక్కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చుంటారు.