ఒకటో నంబరు సాక్షి

క్రిమినల్ కోర్టులో కేసు పిలిచేటప్పుడు ఒక పక్క ప్రభుత్వం పేరు, మరో పక్క ముద్దాయి పేరు వినిపిస్తాయి. నష్టపోయినవారి పేరు వినిపించదు. సొమ్ము పోయినా, చెయ్యి విరిగినా కాగితాల మీద వారు ఒకటో నంబరు సాక్షి, అంతే. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు గడిపిన నాకు ఇది వింతగా తోస్తుంది. ఖాతా ఒకరిది, పాస్‌బుక్కు ఇంకొకరి దగ్గర!

ఇదంతా నాకు తెలిసివచ్చింది చందాపురలో మా వీధి పెద్దమ్మగారి మూలంగా. ఆవిడది ప్రొద్దుటూరు. వయసు అరవై ఎనిమిది. కొడుకు ఎలక్ట్రానిక్ సిటీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. 2024 సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున ఆవిడ పాల ప్యాకెట్లు తెచ్చుకుంటుంటే, మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు మెళ్లోని మూడు సవర్ల గొలుసు తెంపుకుపోయారు. కిందపడి మోచెయ్యి దోక్కుపోయింది. ఇలా లాక్కుపోవడం ఆ ఏడాది జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ కింద ప్రత్యేక నేరమే. కొడుకు ఇంకా ఇంటికి చేరలేదు. పోలీసు స్టేషనుకు తోడుగా నేను వెళ్లాను.

ఆనేకల్ తాలూకాలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందుచేత స్టేషన్‌లో మాటకు ఇబ్బంది లేదు. చిక్కంతా రాత దగ్గర. ఫిర్యాదు కన్నడంలో రాశారు. రాసింది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి అని చట్టం. చదివి వినిపించారు కూడా. పెద్దమ్మగారు ప్రతి వాక్యానికీ తల ఊపారు. నాకు కూడబలుక్కుని చదివేంత కన్నడం వచ్చు గనుక మళ్లీ చూశాను. గొలుసు ఉంది గానీ దానికున్న వెంకటేశ్వరస్వామి లాకెట్టు లేదు. అడిగితే చేర్చారు, కాదనలేదు. చదివి వినిపించడం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు. మన ప్రాంతం దాటి వచ్చిన మనబోటి వాళ్లకు ఆ తేడా బాగా తెలుసు.

ఐదు వారాలకు దొంగలు దొరికారు, గొలుసూ దొరికింది. ఇక మా వీధిలో న్యాయమూర్తులకు కొదవ లేదు. కేసు తేలేదాకా బంగారం చేతికి రాదని ఒకరు, వచ్చినా సగమే వస్తుందని ఒకరు. పెద్దమ్మగారు హడలిపోయారు. కేసులు ఎంతకాలం నడుస్తాయో మా బ్యాంకు వాళ్లకు బాగా తెలుసు. 2013 నవంబరులో బెంగళూరు నడిబొడ్డున ఏటీఎంలో ఒక మహిళా బ్యాంకు అధికారి మీద జరిగిన దాడిని మాలో ఎవరూ మరచిపోలేదు. నిందితుడు మదనపల్లెలో దొరికింది 2017లో, శిక్ష పడింది 2021లో.

కానీ గొలుసు విషయంలో వీధి తీర్పు తప్పు. దొరికిన సొత్తును ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు మీద సొంతదారుకు ఇచ్చేయాలని, పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి పోలీసుల దగ్గర ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ఆ పద్ధతికి గడువులు కూడా పెట్టింది. అయితే అడగాలి. అడగాలంటే దరఖాస్తు కావాలి, దరఖాస్తుకు వకీలు కావాలి, వకీలుకు ఫీజు కావాలి.

ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటి ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ముద్దాయికే కాదు, బాధితులకూ. తాలూకా న్యాయ సేవల సమితిలో అర్జీ ఇస్తే సరి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. పైగా, బాధితుల తరఫున వకీలు ఉంటే ఛార్జిషీటు నకలు వారికీ ఇవ్వాలని కొత్త చట్టం అంటోంది. పాస్‌బుక్కు అలా చేతికొస్తుందన్నమాట.

గొలుసు ఆవిడదే అనడానికి రుజువు? ప్రొద్దుటూరు కొట్టు బిల్లు ఎప్పుడో పోయింది. కొడుకు ఇంజనీరింగు ఫీజు కోసం ఆ గొలుసునే ఒకప్పుడు బ్యాంకులో కుదువ పెట్టానన్నారు ఆవిడ. నా ప్రాణం లేచివచ్చింది! గోల్డ్ లోను కాగితంలో అప్రైజరు రాసిన తూకం, లాకెట్టుతో సహా వర్ణన ఉన్నాయి. పెళ్లి ఫొటోల కన్నా అదే గట్టి సాక్ష్యమైంది. పూచీకత్తు రాసి ఇచ్చి గొలుసు తెచ్చుకున్నారు. అమ్మకూడదు, కరిగించకూడదు, పిలిచినప్పుడు చూపించాలి.

నష్టపరిహారం సంగతి చాలామంది అడుగుతారు. పాత సి.ఆర్.పి.సి.లో 357ఏ సెక్షన్ 2009 చివర అమలైంది, కర్ణాటక పథకం 2011లో వచ్చింది. శరీరానికి హాని జరిగి తిరిగి నిలదొక్కుకోవలసిన వారికోసం అది. నిందితుడు దొరక్కపోయినా అడగవచ్చు. పోయిన గొలుసుకు వర్తించదు.

అసలు కష్టం సాక్ష్యం రోజున వచ్చింది. కోర్టు వరండాలో ఒకే బల్ల. ఈ చివర పెద్దమ్మగారు, నాలుగు అడుగుల దూరంలో ఆ కుర్రాడు, వాడి పక్కన వాడి వాళ్లు. "వాణ్ణి నేను గుర్తుపట్టాలంట నాయనా, వాడు నన్ను అప్పుడే గుర్తుపట్టేశాడు" అన్నారు. నీళ్ల సీసా మూత తీయలేకపోయారు, చేతులు అంత వణికాయి. ఆ రోజు పిలుపు రాలేదు. వాయిదా వేశారు.

హైదరాబాదులో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. హింసకు గురైన స్త్రీలకు, పిల్లలకు వైద్యం, సలహా, పోలీసు వాంగ్మూలం, న్యాయ సహాయం అన్నీ ఒకే కప్పు కింద. పోక్సో కేసుల్లో పిల్లవాడి వెంట మొదటినుంచీ ఉండే తోడుమనిషిని 2020 నియమాలు ఏర్పాటు చేశాయి. 2023లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా అమలు చేయమంది. బెదిరింపులుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద అర్జీ పెట్టుకోవచ్చు. మంచివే. కానీ ఎవరూ బెదిరించకపోయినా భయపడే అరవై ఎనిమిదేళ్ల మనిషికి పక్కన కూర్చునే వాళ్లెవరు? ఏ సెక్షన్‌లోనూ లేని సేవ అది. వకీలు లోపల నాలుగు కేసులు చూసుకోవాలి, కొడుకు సెలవులు అయిపోయాయి.

రెండో వాయిదాకు మా ఆవిడ వెళ్లింది. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, బల్లకు మధ్యలో తాను కూర్చుంది. ఆ కుర్రాడు పెద్దమ్మగారికి కనబడలేదు. సాక్షి వేరే భాషలో చెబితే కోర్టు భాషలోకి తర్జుమా చేసి రాసుకునే వీలు చట్టంలోనే ఉంది గనుక, ఆవిడ తెలుగులోనే చెప్పారు. లాకెట్టు గురించి అడిగారట, తడుముకోకుండా చెప్పారట.

మన సంఘంలో ఉగాదికి వంటకు ఇరవైమంది, ముగ్గుల పోటీకి పదిమంది పేర్లిస్తారు. కన్నడం చదవగలిగి, నెలకు ఒక పూట కోర్టుకో స్టేషనుకో తోడు వెళ్లగలిగిన వారు నలుగురుంటే చాలు. రిటైరైనవారైతే మరీ మేలు. కార్యదర్శిగారితో మాట్లాడాను, వచ్చే సమావేశంలో ఒక నోటు పుస్తకం పెడతామన్నారు. మొదటి పేరు మా ఆవిడదీ, రెండోది నాదీ. పెద్దమ్మగారు తన పేరు కూడా రాయమన్నారు. కన్నడం రాకపోయినా కాఫీ పెట్టడం వచ్చునట.