పేరు మార్చుకున్న పత్రిక

పత్రికలు పుట్టటం, ఆగిపోవటం, కొత్త పేరుతో మళ్లీ రావటం మనకు వింత కాదు. పాత చందాదారులు కాస్త గొణిగి ఊరుకుంటారు. కాని ఒక పత్రిక పేరు మారటం వల్ల, నేనెప్పుడో రాసి మరిచిపోయిన వ్యాసాన్ని మళ్లీ తీసి చూసుకోవలసి వచ్చింది. ఆ సంగతే ఇక్కడ చెపుతాను.

1985లో ఇంగ్లండులో ‘విమెన్ ఇన్ మేనేజ్‌మెంట్ రివ్యూ’ అనే పత్రిక ప్రారంభమయింది. వ్యాపార నిర్వహణను శాస్త్రంగా చదివేవాళ్లకోసం వచ్చిన పత్రిక. అధికార పదవులదాకా వెళ్లిన స్త్రీలు ఎందుకింత తక్కువ అన్నది దాని ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి. 2008లో అదే పత్రిక ‘జెండర్ ఇన్ మేనేజ్‌మెంట్’ అనే పేరుతో 23వ సంపుటంగా వెలువడింది. సంపుటాల లెక్క పాతదే. పేరు మాత్రం కొత్తది.

నేనప్పుడు కాలేజీలో కామర్స్ చెపుతున్నాను. ఈ సంగతి విని మా స్టాఫ్ రూములో ఒక మిత్రుడు, “ఏమండీ, ఆడవాళ్ల పత్రికలోంచి ఆడవాళ్లనే తీసేశారే!” అని నవ్వాడు. నాకు జవాబు తోచలేదు.

ఆయన వేళాకోళంలో కొంత నిజం లేకపోలేదు. ఇంగ్లండులో ఆ పత్రిక మొదలైన 1985లోనే హైదరాబాదులో ‘అన్వేషి’ స్త్రీల అధ్యయన కేంద్రం ఏర్పడింది. ‘స్త్రీ’ అన్న మాటను చదువుల్లోకి తీసుకురావటానికే ఎంత పెనుగులాడవలసి వచ్చిందో ఆ తరానికి తెలుసు. అంత కష్టపడి సంపాదించుకున్న మాటను అట్టమీదనుంచి తీసేస్తే, రేపు లోపలి పుటల్లోనుంచీ తీసేయరని నమ్మకమేమిటి?

ఈ ఆలోచనలోనే నేను 1992లో రాసిన ఎం.ఫిల్. వ్యాసాన్ని బయటికి తీశాను. మా అమ్మ గుంటూరు జిల్లాలో పొగాకు గ్రేడింగు పని చేసేది. షెడ్డులో ఆడవాళ్లు వరసలుగా నేలమీద కూచుని, రంగునుబట్టి, మచ్చనుబట్టి ఆకు వేరుచేసేవారు. వాళ్లమధ్య తిరుగుతూ అజమాయిషీ చేసే మేస్త్రీలందరూ మగవాళ్లే. ఆకు సంగతి ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు. కాని వాళ్లలో ఒక్కతె కూడా మేస్త్రీ కాలేదు. ఎందువల్ల? అదీ నా పరిశోధనాంశం.

ప్రశ్నావళి తయారుచేసుకుని అమ్మతోటివాళ్ల దగ్గరికి వెళ్లాను. మీకు చొరవ ఉన్నదా? నలుగురిలో మాట్లాడగలరా? లెక్కలు వచ్చునా? మార్కులు వేసి, కూడి, భాగించి, స్త్రీలలో ఆత్మవిశ్వాసం కొరవడిందనీ, శిక్షణ ఇస్తే ఈ లోపం పోతుందనీ తేల్చాను. మా గైడు మెచ్చుకున్నాడు. ఆ ఉత్సాహంలో చివరి అధ్యాయం అమ్మకు తెలుగులో చదివి వినిపించాను.

అమ్మ అంతా విని, “మాకేం తక్కువో అడిగావు గాని, మేస్త్రీకేం ఎక్కువో అడగలేదేమే?” అన్నది. కాస్సేపాగి, “పొద్దున్నే ఆయనకు కారియరు కట్టి పంపేదెవరో రాసుకున్నావా?” అని కూడా అడిగింది. నేను నవ్వేసి వ్యాసం బైండుకిచ్చాను. డిగ్రీ వచ్చింది.

పత్రిక పేరు మారిన తరువాతగాని అమ్మ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ‘స్త్రీలు’ అన్నప్పుడు మనం స్త్రీలనే పరీక్షకు నిలబెడతాం. ‘జెండర్’ అంటే స్త్రీకీ పురుషుడికీ మధ్య సమాజం ఏర్పరచిన సంబంధం. ఆ మాటను నిజాయితీగా వాడితే, పరీక్షకు నిలవవలసింది స్త్రీ కాదు, ఆ కుర్చీ.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1973లో అమెరికాలో వర్జీనియా షైన్ 92 లక్షణాల జాబితా ఒకటి పురుష మేనేజర్లకిచ్చింది. స్త్రీలు ఎట్లా ఉంటారో కొందరినీ, పురుషులు ఎట్లా ఉంటారో కొందరినీ, సమర్థులైన మేనేజర్లు ఎట్లా ఉంటారో కొందరినీ గుర్తుపెట్టమన్నది. మేనేజరు బొమ్మ చాలావరకు పురుషుడి బొమ్మతోనే సరిపోయింది. 1975లో స్త్రీ మేనేజర్లను అడిగినా దాదాపు అదే ఫలితం. 1990లో జోన్ ఆకర్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. కాగితంమీద ఉద్యోగం అన్నది ఇల్లూ ఒళ్లూ లేని మనిషికోసం ఏర్పడినట్టు కనిపిస్తుందనీ, నిజానికి ఆ మనిషి పురుషుడేననీ, అతని ఇల్లూ పిల్లలూ మరొకతె చూసుకుంటేనే ఆ ఉద్యోగం సాగుతుందనీ వాదించింది. అమ్మ కారియరు గురించి అడిగింది కూడా ఇదే. ఈ రెండూ నా వ్యాసానికి ముందే అచ్చయి ఉన్నాయి. నేను వెతకలేదు.

అయితే ఆ పత్రిక పేరులో మొదటిమాట మారింది గాని, ‘మేనేజ్‌మెంట్’ అన్న మాట అట్లాగే ఉన్నది. మన దేశంలో 2013 కంపెనీల చట్టం నమోదైన కంపెనీల బోర్డులో కనీసం ఒక స్త్రీ ఉండాలన్నది. మంచిదే. కాని ఆ బోర్డు గదిని తెల్లవారకముందే తుడిచివెళ్లే కాంట్రాక్టు కార్మికురాలు ఏ లెక్కలోకి వస్తుంది? మేస్త్రీ పదవి ఆడవాళ్లకిచ్చినంతమాత్రాన నేలమీద కూచున్నవాళ్ల కూలి పెరగదు. పై కుర్చీలు పంచుకోవటం ఒక సమస్య. కుర్చీకీ నేలకూ మధ్య ఉన్న దూరం మరొక సమస్య. రెండోదాన్ని మరిచిన జెండర్ చర్చ సగం చర్చే.

ఇదంతా పైతరగతి స్త్రీల గొడవ అని తోసెయ్యటం మనకు తేలిక. నేను కూడా ఆ మాట అన్నదాన్నే. కాని మన ఉపాధ్యాయ సంఘాల్లో, విద్యార్థి సంఘాల్లో వేదికమీద ఎంతమంది స్త్రీలున్నారు? తీర్మానం రాసేదెవరు, టీ తెచ్చేదెవరు? రాత్రి పదింటిదాకా సాగే సమావేశానికి ఎవరు రాగలరు, వచ్చినవాళ్ల ఇంట్లో పిల్లలకు ఎవరు అన్నం పెడుతున్నారు? మన కుర్చీని కూడా ఈ పరీక్షకు నిలబెట్టకుండా కంపెనీల కుర్చీలను విమర్శించే హక్కు మనకు లేదు.

అమ్మ ఇప్పుడు లేదు. నేను రిటైరయ్యాను. నా వ్యాసం మాత్రం ఇప్పటికీ ఏదో లైబ్రరీ బీరువాలో, ఆ చదువురాని ఆడవాళ్లకు ఆత్మవిశ్వాసం లేదని సాక్ష్యం చెపుతూనే ఉన్నది. ఆ నిర్ణయం తప్పని ఇక్కడ అచ్చులో ఒప్పుకుంటున్నాను. రేపు ప్రశ్నావళి పట్టుకుని ఏ షెడ్డుకో, ఏ ఆఫీసుకో వెళ్లే విద్యార్థులు ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్లి, ఆయన కారియరు ఎవరు కట్టారో అడిగి రాసుకోవాలని నా కోరిక.